అలారం ఎందుకు మోగిందో కారులోనే రాసి ఉంటుంది, అది నాకు చూపించండి

హనుమకొండ

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: తాళం వేసిన ఎలక్ట్రిక్ కారులో ఎవరూ ముట్టుకోకుండానే దొంగతనం అలారం మోగడం, మీ సర్వీస్ సెంటర్ కారణం వెతకకుండా సామాను మార్చడం, మార్చిన 12 వోల్టుల బ్యాటరీ డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మీ కారు కొన్న దగ్గర్నుంచి నడపడంలో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. 163వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్‌కు ఎన్నోసార్లు పోయి వచ్చాను. రేంజ్ (ఒక్క చార్జింగ్‌తో పోయే దూరం) గురించి, బ్రేకుల గురించి, పెద్ద బ్యాటరీ గురించి నాకు ఫిర్యాదు లేదు. నా బాధంతా కారు ఆపి, తాళం వేసి, ఇంట్లోకి వెళ్లాక మొదలవుతుంది.

వానాకాలం మొదలైనప్పటి నుంచి రాత్రిపూట అలారం దానంతట అదే మోగుతోంది. నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటాయి, సైరన్ అర నిమిషం పాటు మోగి ఆగుతుంది. మళ్లీ పడుకుందాం అనుకునేలోపు ఇంకోసారి మొదలవుతుంది. ఫోన్‌లో మీ యాప్ తెరిస్తే "అలారం మోగింది" అని, పక్కన టైము, అంతే ఉంటుంది. డోరా, డిక్కీనా, బానెట్టా, లోపలి సెన్సరా, ఏది మోగించిందో ఉండదు.

మా కాలనీలో ఇళ్లు ఆనుకుని ఉంటాయి. ఎదురింట్లో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఉన్నారు. పక్కింట్లో పసిపాప ఉంది. వెనక పోర్షన్‌లో ఉండే అమ్మాయి ఎప్‌సెట్‌కు (పాత ఎంసెట్) చదువుకుంటోంది. మొదట్లో సైరన్ వినగానే అందరూ లైట్లు వేసుకుని బయటికి వచ్చేవారు, ఒకాయన కర్ర కూడా పట్టుకొచ్చారు. ఇప్పుడు ఎవరూ రారు. "మేడం కారే కదా" అనుకుని పడుకుంటున్నారు. రేపు నిజంగా దొంగ వచ్చినా ఎవరూ తలుపు తీయరు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల మధ్య రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు. మీ సైరన్ మోత దానికి ఎన్ని రెట్లో మీకే బాగా తెలుసు. పెద్దాయన ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున ఎదురుపడితే నాకే ఆయన ముఖం చూడాలంటే ఇబ్బందిగా ఉంటోంది.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లిన ప్రతిసారీ ఒక కొత్త కారణం చెప్పారు. మొదట కోతులన్నారు. హనుమకొండలో కోతుల బాధ ఉన్న మాట నిజమే, మా ఇంటి మీదికీ వస్తాయి. కానీ అవి తిరిగేది పగటిపూట. చీకటి పడితే చెట్లెక్కి పడుకుంటాయి. మా అలారం మోగేది అర్ధరాత్రి దాటాక. పక్కింటివాళ్ల సీసీ కెమెరా మా గేటు వైపే ఉంటుంది. యాప్‌లో ఉన్న టైముతో పోల్చి ఫుటేజీ చూశాం. కోతి లేదు, పిల్లి లేదు, మనిషి లేడు. ఏమీ కదలని ఫ్రేములో ఉన్నట్టుండి ఇండికేటర్లు వెలగడం స్పష్టంగా కనిపిస్తోంది.

తర్వాత కాజీపేట జంక్షన్‌కు వచ్చే గూడ్సు బండ్ల అదురు అన్నారు. మా ఇల్లు పట్టాలకు దూరం. ఒకవేళ రైలు అదురుకే మోగేంత సున్నితంగా సెన్సర్ పెట్టి ఉంటే దాన్ని సరిచేయాల్సింది మీరు, ఇల్లు మారాల్సింది నేను కాదు.

ఆ తర్వాత కరెంటు హెచ్చుతగ్గులన్నారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి ఈ మాట దగ్గర ఆగి అడిగాను. గోడ ప్లగ్గు నుంచి వచ్చే ఏసీ కరెంటును కారులోని చార్జర్ డీసీగా మార్చి పెద్ద బ్యాటరీకి ఇస్తుంది. అలారం, డోర్ లాకులు, లైట్లు నడిచేది విడిగా ఉన్న 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీద. దాన్ని పెద్ద బ్యాటరీ నుంచి డీసీ-డీసీ కన్వర్టర్ చార్జ్ చేస్తుంది. వీధిలో వోల్టేజీ కొంచెం ఎక్కువ తక్కువైతే ఎవరో తన తలుపు తెరిచారని కారుకు ఎందుకు అనిపిస్తుంది? పైగా చార్జింగ్ పెట్టని రాత్రుల్లో కూడా మోగింది. దీనికి సర్వీస్ అడ్వైజర్ దగ్గర జవాబు లేదు. జాబ్ కార్డులో మాత్రం "సప్లై ప్రాబ్లం" అని రాశారు.

చివరికి చిన్న బ్యాటరీ వీక్ అయిందన్నారు. వారంటీలోకి రాదని చెప్పి నా డబ్బుతోనే కొత్తది వేశారు. అదే వారంలో అలారం మళ్లీ మోగింది. బ్యాటరీ బలహీనపడితే ఎలక్ట్రానిక్స్ పిచ్చిగా ప్రవర్తిస్తాయన్నది నిజమే, నేను కాదనను. కానీ ఇక్కడ ఏది ముందు, ఏది వెనక అన్నది చూడాలి. కారు నిద్రలో ఉన్నప్పుడు చిన్న బ్యాటరీ నుంచి చాలా తక్కువ కరెంటు పోతుంది. అలారం మోగిన ప్రతిసారీ కంట్రోలర్లన్నీ, అంటే కారులోని చిన్న కంప్యూటర్లన్నీ, మేలుకుంటాయి, సైరన్, లైట్లు, ఫోన్‌కు సందేశం పంపే మాడ్యూల్ అన్నీ పనిచేస్తాయి. రాత్రంతా అలా మేలుకుంటూ ఉంటే మంచి బ్యాటరీ కూడా దిగిపోతుంది. కొత్త బ్యాటరీ వేసిన తర్వాత అలారం మోగని రాత్రి గడిచాక పొద్దున మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించింది. అది నిండుగా ఉన్న బ్యాటరీ లెక్క. పదేపదే మోగిన రాత్రి తర్వాత చూస్తే 12.1కి దిగింది. అంటే అలారం వల్ల బ్యాటరీ దిగుతోంది, బ్యాటరీ వల్ల అలారం మోగడం లేదు.

ఇది మీరు తేలిగ్గా తీసుకునే విషయం కాదు. చిన్న బ్యాటరీ పూర్తిగా పడిపోతే పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టర్లు మూసుకోవు, అది ఎంత నిండుగా ఉన్నా కారు స్టార్ట్ అవదు. మా అమ్మను రాత్రిపూట ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఈ కారును నమ్ముకోవచ్చా లేదా అన్నదే నా టెన్షన్.

మీ వాళ్లు వెతకలేదు కాబట్టి నేనే ఒక్కొక్కటి పక్కన పెడుతూ వచ్చాను. కారు లోపల కదలికను పసిగట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్ శబ్ద తరంగాలు పంపి, తిరిగి వచ్చే వాటిలో తేడాను బట్టి లోపల ఎవరో ఉన్నారనుకుంటుంది. అద్దం కొంచెం దిగి ఉన్నా, లోపల ఏదైనా వేలాడుతూ ఊగినా అది మోసపోవచ్చు. అందుకని అద్దాలు పూర్తిగా ఎక్కించి, అద్దానికి కట్టిన వినాయకుడి బొమ్మ తీసేశాను. అయినా మోగింది. తర్వాత సెట్టింగుల్లో ఆ సెన్సర్ ఒక్కదాన్నే ఆఫ్ చేసి లాక్ చేశాను. అయినా మోగింది. కాబట్టి అది కాదు. రిమోట్‌లో సెల్ మార్చి, రెండు రిమోట్లనూ లోపలి గదిలో పెట్టాను. తేడా లేదు. డోర్లూ డిక్కీ ఒక్కొక్కటి తెరిచి మూస్తూ డిస్‌ప్లే చూశాను. అన్నీ సరిగ్గానే చూపించాయి.

మిగిలింది బానెట్. కారు ఆన్ చేసి, బానెట్ మూసి ఉండగానే ముందు అంచు దగ్గర అరచేతితో మెల్లగా నొక్కి వదిలితే డిస్‌ప్లే మీద బానెట్ తెరిచి ఉందన్న గుర్తు క్షణంపాటు వెలిగి ఆరిపోతోంది. ప్రతిసారీ రాదు. వాన పడిన మర్నాడు ఎక్కువగా వస్తుంది, ఎండ కాసిన రోజు ఎంత నొక్కినా రాదు. మా అబ్బాయి దాన్ని ఫోన్‌లో వీడియో తీశాడు, ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. బానెట్ లాక్ దగ్గర ఒక చిన్న స్విచ్ ఉంటుంది. అది మూసుకుందో లేదో కంట్రోలర్‌కు చెప్పేది అదే. దానిలోకో, దాని కనెక్టర్‌లోకో తేమ పోతున్నట్టుంది, లేదా బానెట్ కూర్చునే ఎత్తు సరిగా లేక స్విచ్ అంచు మీద నిలబడి ఉంది. చార్జింగ్ పెట్టిన రాత్రుల్లో ఎక్కువసార్లు మోగడానికి కూడా ఇదే కారణమని నా అనుమానం. చార్జ్ అవుతున్నప్పుడు బ్యాటరీని చల్లబరచడానికి ముందు భాగంలో ఫ్యాన్, పంపు తిరుగుతాయి. అంచు మీద ఉన్న స్విచ్‌కు ఆ మాత్రం అదురు చాలు. కనెక్టర్ విప్పి మీటర్ పెట్టి చూడడం నాకు పెద్ద పని కాదు. వారంటీ పోయిందంటారని చెయ్యి పెట్టలేదు.

ఈ వీడియో చూపిస్తే సర్వీస్ సెంటర్‌లో వచ్చిన సమాధానం: "స్కానర్‌లో కోడ్ ఏమీ లేదు మేడం, కారు ఓకే." నా ఫిర్యాదంతా ఈ ఒక్క మాట మీదే. కోడ్ అంటే కారు తనలో కనిపెట్టిన లోపానికి రాసుకునే గుర్తు. వైరు తెగితేనో, సెన్సర్ పలకకపోతేనో అది పడుతుంది. బానెట్ స్విచ్ "తెరిచారు" అని చెబితే కంట్రోలర్ దృష్టిలో అది లోపం కాదు, అది మామూలు సమాచారం. స్విచ్ అబద్ధం చెబుతోందని దానికి తెలిసే దారి లేదు. అందుకే కోడ్ పడదు, అలారం మాత్రం మోగుతుంది. కోడ్ లేదన్నంత మాత్రాన లోపం లేదని కాదు. చూడాల్సింది అలారాన్ని ఏ ఇన్‌పుట్, అంటే ఏ స్విచ్ లేదా ఏ సెన్సర్, మోగించిందన్న రికార్డు. ఆ రికార్డు మీ కారులో ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి టెక్నీషియన్ కుర్రాడే ల్యాప్‌టాప్‌లో అలారం హిస్టరీ అనే పేజీ తెరిచాడు. దాని ఫోటో తీసుకుంటానని అడిగాను. అతను మంచివాడే, ఇవ్వాలనే చూశాడు. ఇంతలో పైవాళ్లు "కస్టమర్‌కు చూపించేది కాదు" అన్నారు. తర్వాత "అన్నీ క్లియర్ చేశాం, ఇక రాదు" అని కారు అప్పగించారు. ఏ సమాచారం చూస్తే రోగం తెలిసేదో దాన్నే చెరిపేశారు. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ ముందు జరిగిన పని అదే, క్లియర్ చేయడం.

ఇక వాళ్లు ఇచ్చిన ఆఖరి సలహా, అలారం పూర్తిగా ఆపించేసుకోమని. కారు కొనేటప్పుడు ఇదే అలారాన్ని భద్రత కింద చూపించి అమ్మారు. దాన్ని తీసేసుకుని కారు వాడుకోమంటే నేను డబ్బు కట్టిన వస్తువులో కొంత మీరు వెనక్కి తీసుకున్నట్టే. కాదంటే హైదరాబాద్ వర్క్‌షాప్‌కు తీసుకెళ్లమన్నారు. బానెట్ స్విచ్ చూడడానికి దాదాపు 145 కిలోమీటర్లు పోవాలా? వరంగల్‌లో కారు అమ్మే షోరూం పెట్టినప్పుడు, దాన్ని బాగుచేసే మనిషినీ స్కానర్‌నూ కూడా ఇక్కడే పెట్టాలి.

నాకు కావలసింది ఇదీ. మీ ఇంజినీరు ఒకరు హనుమకొండ వచ్చి, ఏదీ క్లియర్ చేయకముందు అలారం హిస్టరీ చదివి, ఏ టైముకు ఏ ఇన్‌పుట్ వల్ల మోగిందో నాకు కాగితం మీద ఇవ్వాలి. యాప్‌లోని టైములూ సీసీ కెమెరా ఫుటేజీ నా దగ్గర ఉన్నాయి, పోల్చుకోవచ్చు. బానెట్ స్విచ్, దాని కనెక్టర్, బానెట్ ఎత్తు చూసి, లోపం ఉంటే వారంటీలో మార్చాలి. మార్చిన తర్వాత కారును కడిగి, రాత్రంతా చార్జింగ్‌లో పెట్టి పరీక్షించాకే అప్పగించాలి. పొడిగా ఉన్న కారును పగలు పది నిమిషాలు చూసి ఓకే అంటే నేను తీసుకోను. అవసరం లేకుండా మార్పించిన 12 వోల్టుల బ్యాటరీ డబ్బు వాపసు ఇవ్వాలి. "సప్లై ప్రాబ్లం" అని రాసిన జాబ్ కార్డును సరిదిద్దాలి, ఎందుకంటే రేపు వారంటీ ముగిశాక అదే కాగితం చూపించి తప్పు మా ఇంటి కరెంటుదే అంటారు.

ఇంకొకటి, ఇది నా ఒక్కదాని కోసం కాదు. అలారం ఏది మోగించిందో యాప్‌లో యజమానికి కనిపించేలా అప్‌డేట్ ఇవ్వండి. "బానెట్" అని ఒక్క పదం కనిపించి ఉంటే ఈ వానాకాలమంతా మా వీధి నిద్రపోయేది, మీ మెకానిక్‌ల పనిగంటలూ మిగిలేవి. ఇదే మోడల్ కొన్నవాళ్లు కరీంనగర్‌లో, మంచిర్యాలలో ఇంకెంతమంది అలారం ఆపించేసుకుని ఊరుకున్నారో మీరే విచారించండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. ఆ చట్టం ప్రకారం నేను నివసించే చోటే కేసు వేయవచ్చు. కొన్న వస్తువు నాణ్యత గురించి తెలుసుకునే హక్కు కూడా అందులోనే ఉంది. అలారం హిస్టరీ కస్టమర్‌కు చూపించేది కాదన్న మాటను అక్కడ కూడా అడుగుతాను.

జాబ్ కార్డుల నకళ్లు, చిన్న బ్యాటరీ బిల్లు, యాప్ స్క్రీన్‌షాట్లు, సీసీ కెమెరా క్లిప్పులు, బానెట్ గుర్తు వెలిగిన వీడియో, వోల్టేజీ రాసుకున్న కాగితం జతపరిచాను. మీ ఇంజినీరు వచ్చే రోజు ఒకరోజు ముందు ఫోన్ చేస్తే కాలేజీకి సెలవు పెట్టి ఇంట్లో ఉంటాను. కారు అప్పటివరకు కడగను, స్విచ్ ముట్టుకోను, ఎలా ఉన్నది అలాగే చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ కారు యజమానురాలు,
హనుమకొండ