బస్సు అంబులెన్సుకు చేయి వేసిన అందరికీ కృతజ్ఞతలు

ఒక కాలేజీ యాజమాన్యం పాత బస్సు ఇచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లోని ఒక బాడీ బిల్డింగ్ షెడ్డు అన్నలు దాన్ని అంబులెన్సుగా మార్చి ఇచ్చారు. ఆరుగురిని పడుకోబెట్టి, పన్నెండు మందిని కూర్చోబెట్టి ఒకేసారి తీసుకెళ్లగల బండి ఇది. మా వాలంటీర్ బృందం తరఫున పేరుపేరునా అందరికీ నమస్కారాలు. ఎవరు ఏ సాయం చేశారో వివరంగా రాస్తున్నాం. ఇంకో ఊళ్లో ఇలాంటి బండి తయారుచేసుకునేవాళ్లకు పనికొస్తుంది.

ముందుగా ఎమర్జెన్సీ డాక్టర్ గారికి. ఈ బస్సు ఎవరి కోసమో మొదటి రోజే తేల్చి చెప్పింది ఆయనే. 2020 మే 7న విశాఖ గ్యాస్ లీక్, 2023 జూన్ 2న బాలాసోర్ రైలు ప్రమాదం లాంటి రోజున బాధితులు వందల్లో ఉంటారు. నడవగలిగినవాళ్లు, చిన్న దెబ్బలవాళ్లు ముందుగా దగ్గర్లోని ఆసుపత్రికి చేరి క్యాజువాలిటీ నింపేస్తారు. ప్రాణం మీదున్నవాళ్లు వచ్చేసరికి మంచం ఉండదు. అందుకే గాయం తీవ్రతను బట్టి కట్టే రంగు ట్యాగుల్లో పసుపు (కాస్త ఆగగలిగినవాళ్లు), ఆకుపచ్చ (చిన్న దెబ్బలవాళ్లు) ఉన్నవాళ్లను బస్సు ఎక్కించి కాస్త దూరంలోని ఆసుపత్రికి పంపాలి. ప్రాణం మీదున్న ఎర్ర ట్యాగువాళ్లకు 108 అంబులెన్సులు ఖాళీగా దొరకాలి. దీన్ని చక్రాల మీద ఐసీయూ చేయమని చాలామంది అడిగారు. చేయలేదు. కదిలే బస్సులో ఒక్కరికి గుండె ఆగినా సిబ్బంది అంతా అక్కడే చిక్కుకుపోతారు, మిగతావాళ్లను చూసే దిక్కుండదు.

షెడ్డు మేస్త్రి గారికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఇంజను ముందున్న బండినే తీసుకోమని పట్టుబట్టింది ఆయనే. వోల్వోల్లా ఇంజను వెనకుంటే వెనక తలుపు కోయలేం. మామూలు ముందు తలుపులోంచి ఆరడుగుల స్ట్రెచర్ మలుపు తిరగదు. ఇక నేల ఎత్తు మూడున్నర అడుగులు. ర్యాంపు వేద్దామంటే, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు లెక్కన నలభై అడుగులకు పైగా పొడవు కావాలి. అందుకని సరుకు లారీలకు వేసే హైడ్రాలిక్ లిఫ్టునే వెనక బిగించారు. దాని మోటారు పాడైతే చేత్తో పంపు కొట్టి దించే ఏర్పాటు కూడా పెట్టారు. ఇది లేకుండా లిఫ్టు కొనొద్దు. ఇంకోటి, సైలెన్సర్ గొట్టం వెనక్కి ఉంటే, ఇంజను ఆన్‌లో పెట్టి ఎక్కించేటప్పుడు పొగంతా తలుపులోంచి లోపలికి వస్తుంది. దాన్ని కుడివైపుకు తిప్పారు.

స్ట్రెచర్లు ఎక్కడ పెట్టాలో చెప్పిన రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్ గారికి రుణపడి ఉంటాం. వెనక చక్రాల వెనక భాగం గుంతల్లో అన్నిటికన్నా ఎక్కువ ఎగురుతుంది. పైగా యాభై మంది బరువుకు వేసిన కమాను పట్టీలు (బండి బరువు మోసే స్ప్రింగు ఉక్కు పట్టీలు), ఇంత తేలిక బండిలో రాయిలా బిగుసుకుని ఉంటాయి. ఎముక విరిగినవాళ్లకు అది నరకం. కాబట్టి రెండు ఇరుసుల మధ్యే, ఎడమవైపున, మూడు చోట్ల రెండంతస్తులుగా స్ట్రెచర్లు బిగించాం. కమాను పట్టీలు కొన్ని తీసేస్తే మెత్తబడుతుందని కొందరన్నారు కానీ, మలుపుల్లో బండి ఒరిగిపోతుందని ఆయన ఒప్పుకోలేదు. మూడో అంతస్తు వద్దన్నది మాత్రం సిస్టర్లు: మధ్య పడకలో ఉన్నవాళ్ల ఛాతీ కదలిక కూడా కనబడదని. తల ముందువైపుకు ఉంటుంది కాబట్టి బ్రేకు వేసినప్పుడు మనిషి తలవైపే జారతాడు. నడుము బెల్టు ఒక్కటే ఆపలేదు, భుజాల పట్టీలు తప్పనిసరి.

ఆక్సిజన్ పని చేసిన పైప్‌లైన్ తమ్ముళ్లు, బయోమెడికల్ ఇంజనీర్ గారు చెప్పిన లెక్క ఇది. ఒక డి టైప్ (పెద్ద) సిలిండర్‌లో దాదాపు 7,000 లీటర్లు. ఆరుగురికి నిమిషానికి 5 లీటర్ల చొప్పున ఇస్తే నిమిషానికి 30, రెండు సిలిండర్లు ఏడున్నర గంటలకు పైగా వస్తాయి. అదే బ్యాగున్న మాస్కుతో 15 లీటర్లు ఇస్తే నిమిషానికి 90, రెండున్నర గంటల్లో రెండూ ఖాళీ. ప్రయాణం ఎంతసేపో ముందే తెలియదు కాబట్టి రెండో లెక్కే పట్టుకోవాలి, అందులోనూ పావు వంతు ముట్టకూడదు. సిలిండర్లు నిలువుగా, ఒక్కోదానికి కింద ఒకటి, పైన ఒకటి చొప్పున బిగించిన క్లాంపులతో, బయటికి తెరుచుకునే అరలో ఉన్నాయి. వాల్వుకు నూనె, గ్రీజు తగలనివ్వకండి, నిప్పంటుకుంటుంది. ఏసీ కోసం కిటికీలన్నీ మూసి ఆరు మాస్కులు నడిపితే లోపల ఆక్సిజన్ శాతం పెరుగుతుంది. అది 23.5 దాటితే చిన్న రవ్వకే మంట చెలరేగే ప్రమాదం ఉంది. అందుకే పైకప్పులో ఎగ్జాస్టు ఫ్యాను ఆక్సిజన్ నడిచినంతసేపూ తిరుగుతూనే ఉండాలి.

సిలిండర్ల బదులు కాన్సంట్రేటర్లు (గాలిలోంచి ఆక్సిజన్ తీసే కరెంటు యంత్రాలు) చాలవా అని అడిగేవాళ్లకు ఎలక్ట్రీషియన్ గారి జవాబు: 5 లీటర్లది ఒక్కోటి దాదాపు 350 వాట్లు. ఆరింటికి 2,100. 24 వోల్టుల బ్యాటరీ మీద ఇన్వర్టర్ నష్టం కలుపుకుంటే వంద ఆంపియర్లు లాగుతుంది. ఇంజనుతో తిరిగి కరెంటు ఇచ్చే పాత ఆల్టర్నేటర్ అంత భారం మోయలేదు. బండి ఆగి, బయటి కరెంటు తగిలించినప్పుడే అవి నడుస్తాయి.

సెలైన్ కొక్కేలు సిస్టర్లు చెప్పినట్టు మడిచే రకం పెట్టాం. బయటికి పొడుచుకొచ్చినవి కుదుపుల్లో తలకు తగులుతాయి. పై పడక మీద సీసా ఎత్తు చాలక డ్రిప్ నెమ్మదిస్తుంది, దానికి ప్రెషర్ బ్యాగ్ (సెలైన్‌ను నొక్కి పంపే సంచి) కావాలని చెప్పి, వాళ్లే తెచ్చిచ్చారు కూడా.

రవాణా శాఖ అధికారులకు ధన్యవాదాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి మార్చకముందే అనుమతి తీసుకోవాలి. కోత మొదలుపెట్టాక వెళ్తే ఆర్సీలో ఎక్కించుకోవడం కష్టం.

సిలిండర్లు ఇచ్చిన గ్యాస్ డీలర్ గారు, అయిదేళ్లకోసారి చేయాల్సిన హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష) గడువు తేదీలను అర తలుపు లోపలివైపు పెయింటుతో రాయించారు. అడక్కుండానే చేసిన ఆ పనికి ఆయనకు మరీ మరీ కృతజ్ఞతలు.