ఆయుధాల పట్టికలో వడ్డీ గడి కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా, చైనా బలాబలాల మీద మీ పత్రికలో వస్తున్న వ్యాసాలు వదలకుండా చదువుతున్నాను. ఎవరికి ఎన్ని విమానవాహక నౌకలున్నాయి, ఎన్ని క్షిపణులున్నాయి అని పట్టికలు వేసి చూపిస్తున్నారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. ఆ పట్టికల్లో ఒక గడి తక్కువగా ఉంది. ఆ దేశానికి అప్పెంత, ఏటా కట్టే వడ్డీ ఎంత అన్నది ఎక్కడా కనబడదు.

మాది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మా హార్బరు మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటి బాంబు గుల్ల ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడల్లా దాని ముందు కాసేపు నిలబెట్టేవాణ్ణి. ఆ రోజుల్లో మా నాన్నమ్మ వాళ్లు మూటాముల్లె కట్టుకుని ఎడ్లబండి మీద ఊరొదిలి పోయారు. అంతకు యాభై రోజుల ముందే సింగపూరు జపాను చేతికి పోయింది. రవి అస్తమించని సామ్రాజ్యం మన తీరాన్ని కాపాడలేకపోయిందని జనం కళ్లారా చూశారు.

అయినా ఆ యుద్ధంలో బ్రిటన్ గెలిచింది. గెలిచాకే దాని చితికిపోయిన సంసారం బయటపడింది. యుద్ధం జరిగినన్నాళ్లూ రేషన్ లేకుండా దొరికిన బ్రెడ్డును 1946 జులైలో రేషన్లో పెట్టారు. రెండేళ్ల దాకా తీయలేదు. ఆ ఏడాదే అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. చివరి వాయిదా తీరేసరికి 2006 డిసెంబరు వచ్చింది! మనకు కూడా యుద్ధం ముగిసేనాటికి దాదాపు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది. యుద్ధానికి మన దగ్గర తీసుకున్న సరుకులకు, విదేశాల్లో పోరాడిన మన సైన్యానికి అయిన ఖర్చులో తన వాటాను లండన్‌లో మన ఖాతాకు రాసింది. ఇక్కడేమో ఆ మేరకు నోట్లు అచ్చేశారు. ధరలు మండిపోయి పేదలు నలిగిపోయారు. ఏలినవాడే ఏలుబడిలో ఉన్నవాడికి బాకీదారు అయ్యాడు. స్వాతంత్ర్యం ఎలా వచ్చిందో చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా పిల్లలకు చెప్పాలని నా పట్టుదల.

అసలు సంగతి 1956లో తేలిపోయింది. జులైలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ బ్రిటన్, ఫ్రాన్స్‌ల వాటాలున్న సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశాడు. నవంబరు మొదట్లో బ్రిటన్, ఫ్రాన్స్ సేనలు పోర్ట్ సయీద్‌లో దిగాయి. యుద్ధం వాళ్ల చేతిలోనే ఉంది. కాలువ వెంట 37 కిలోమీటర్ల దాకా దూసుకుపోయారు. కానీ లండన్‌లో పౌండు మీద ఒత్తిడి పెరిగి డాలర్ నిల్వలు కరిగిపోతున్నాయి. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) సాయం కావాలంటే అమెరికా తలూపాలి. కాల్పులు ఆపి వెనక్కి రానిదే తలూపేది లేదంది ఐసెన్‌హోవర్ ప్రభుత్వం. 6వ తేదీ అర్ధరాత్రికి సైన్యం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. డిసెంబరు చివరికల్లా ఖాళీ చేసి వచ్చేసింది. జనవరిలో ప్రధాని ఈడెన్ దిగిపోయాడు. ఈజిప్టు తుపాకులు ఆపలేని సైన్యాన్ని అప్పిచ్చేవాడి ఒక్క మాట ఆపింది.

అప్పే చెడ్డదని నేననడం లేదు. బ్రిటన్ పైకొచ్చిందీ అప్పుతోనే. ఫ్రాన్స్‌తో యుద్ధానికి డబ్బు పుట్టక 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పెట్టారు. పార్లమెంటు పన్నులు వేసి వడ్డీ సక్రమంగా కట్టించేది. అందుకే సొంత జనమే తక్కువ వడ్డీకి ఇచ్చేవారు. ఫ్రెంచి రాజులు మాటిమాటికీ ఎగ్గొట్టేవారు కాబట్టి వాళ్లకు ఎక్కువ వడ్డీ పడేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రాన్స్ 1783 నాటికి గెలిచిన పక్షాన ఉంది. ఆ ఖర్చు నెత్తిన పడి, ఆరేళ్లకే ఖజానా ఖాళీ అయి విప్లవంలో మునిగింది. అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, తీర్చే రాబడి పెరుగుతోందా లేదా అన్నదాన్నే నేను చూడమంటున్నది.

2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా కట్టిన వడ్డీ దాని రక్షణ ఖర్చును దాటేసింది. డాలరు వాళ్లదే కాబట్టి రేపే కూలిపోతుందని ఎవరూ అనలేరు. కానీ ఇంత పెద్ద సంగతి నౌకల బొమ్మల పక్కన లేకపోతే పాఠకుడికి సగం నిజమే అందుతుంది.

కాబట్టి ఈసారి అలాంటి పట్టిక వేసినప్పుడు ప్రతి దేశం కింద వడ్డీ ఖర్చు, రక్షణ ఖర్చు పక్కపక్కన వేయండి. మన దేశానికీ ఒక వరుస కేటాయించండి. మన కేంద్ర బడ్జెట్‌లోనూ ఎన్నో ఏళ్లుగా వడ్డీ పద్దు రక్షణ పద్దు కంటే పెద్దదే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం