పది మిల్లీమీటర్ల సంగతి

ప్రియమైన నురుగేశ్వరుడికి,

నీ ఉత్తరం వచ్చి ఏడు వారాలయింది. ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడానికి నా దగ్గర సాకులు చాలానే ఉన్నాయి కానీ, వాటిలో ఒక్కటి కూడా నువ్వు నమ్మవు కనుక నేరుగా క్షమాపణ కోరుతున్నాను. ఇక్కడ అందరమూ కులాసా. అమ్మకు మోకాలి నొప్పి కొంత తగ్గింది, చిన్నవాడికి ముందు పళ్లు రెండూ ఊడాయి, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. మిగిలిన కబుర్లన్నీ మరో ఉత్తరానికి వాయిదా వేస్తున్నాను, ఎందుకంటే ఈ ఒక్క సంగతి నీకు చెప్పకుండా ఇంకో పూట గడపడం నా వల్ల కాదు.

నాకు సరైన షేవింగ్ బ్రష్షు దొరికింది.

నవ్వకు. ఈ రోగం నాకు అంటించినవాడివి నువ్వే. డబ్బా నురుగు మానేయమని, సబ్బు గిన్నె కూడా అక్కర్లేదని, "ముఖమే గిన్నె, గడ్డమే పీచు" అని గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, ఆ రాత్రే రైలెక్కి వెళ్లిపోయావు. ఆ తరువాత నా ముఖం మీద ఏం జరిగిందో నీకు ఉత్తరాల్లో ముక్కలు ముక్కలుగా మాత్రమే తెలుసు. ఇప్పుడు మొత్తం చెబుతాను.

నా మెడ సంగతి నీకు తెలిసిందే. దవడ కింద ఎడమ వైపున వెంట్రుకలు సుడి తిరిగి ఉంటాయి, అక్కడ రేజరు ఏ వైపు నుంచి వచ్చినా ఎదురు దెబ్బే. కాబట్టి బ్రష్షు కొనేటప్పుడు నేను చూసుకున్నది ఒకే ఒక గుణం: మెత్తదనం. మొదటిది బాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకలది, "ప్యూర్" రకం. నల్లగా, దళసరిగా, కొసలు కత్తిరించినట్టుగా ఉండేది. ముఖం మీద గుండ్రంగా తిప్పితే చెక్క మీద ఉప్పుకాగితం రుద్దినట్టుండేది. దాని గురించి ఇంతకు మించి రాయడం దండగ, ప్రస్తుతం అది కీబోర్డు దుమ్ము దులుపుతోంది.

అసలు కథ రెండోదానిది. "సిల్వర్‌టిప్" అన్నారు. తెల్లని కొసలు, కింద నల్లని పట్టీ, మళ్లీ అడుగున తెలుపు, విసనకర్రలా విచ్చుకున్న కుచ్చు. పొడిగా ఉన్నప్పుడు దాన్ని చెంపకు ఆనించుకుంటే కళ్లు వాటంతటవే మూతపడేవి. కుచ్చు మొదలు అడ్డంగా 26 మి.మీ., పిడి అంచు నుంచి కొస వరకు ఎత్తు 60 మి.మీ. అప్పట్లో ఆ అంకెలను నేను చూడను కూడా లేదు, ఎంత పెద్దదైతే అంత మెత్తగా ఉంటుందని మాత్రం మురిసిపోయాను. మెత్తగా ఉన్నమాట నిజమే. అయితే ముఖం మీద పెట్టగానే ఆ కుచ్చు మొత్తం ఒక పక్కకు ఒరిగిపోయేది. ఎంత తిప్పినా వెంట్రుకలు సబ్బును ముట్టుకునేవి కావు, సబ్బు మీద పడుకునేవి. ఆ కాస్త నురుగు కూడా కుచ్చు పొట్టలోనే దాక్కునేది, దాన్ని వేళ్లతో పిండి తీసి చేత్తో పూసుకోవలసి వచ్చేది. ఆ పిండిన నీళ్లు మోచేతి దాకా కారి చొక్కా చేతిని తడిపేవి. చేత్తోనే పూసుకునేటట్టయితే బ్రష్షు ఎందుకని ఇంట్లో అడిగిన ప్రశ్నకు నేను ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

నేను అప్పుడు నింద ఎవరి మీద వేశానో నీకు గుర్తుండే ఉంటుంది. ముందు సబ్బు మీద, తరువాత నీళ్ల మీద. నీళ్లలో ఉప్పుదనం ఎక్కువైతే నురుగు తేలదని నువ్వు కూడా వంతపాడావు, అది నిజమే అనుకో. బాటిల్ నీళ్లు వేడి చేసి కూడా చూశాను. ఫలితం ఏమీ మారలేదు. ఆఖరికి ఒత్తడం మొదలుపెట్టాను. అది ఘోరమైన తప్పు. బ్రష్షును ముఖానికేసి ఒత్తితే కుచ్చు నడిమధ్య విడిపోయి గుంట పడుతుంది, వెంట్రుకలు పిడి దగ్గరే విరుగుతాయి. రోజుకు మూడు నాలుగు తెల్లని కొసలు నా చెంప మీద అంటుకుని కనిపించేవి. ఆఫీసులో ముఖ్యమైన సమావేశం ఉన్న రోజున, పల్చటి నురుగు మీదే రేజరు లాగి, మెడ మీద ఎర్రటి పొక్కులతో వెళ్లి కూర్చున్నాను. పై అధికారి నన్ను చూసి "ఒంట్లో బాగుందా?" అని అడిగాడు.

ఇక ఆ ఆదివారం సంగతి. అద్దం ముందు కూర్చుని, తడి బ్రష్షు కొసను వేలితో ఊరికే పక్కకు నెడుతున్నాను. గడ్డిపరకలా వంగిపోతోంది. ఏ ఆలోచనా లేకుండానే ఎడమ చేతి వేళ్లతో కుచ్చును సగం ఎత్తున గట్టిగా పట్టుకుని మళ్లీ నెట్టాను. వంగలేదు! అవే వెంట్రుకలు, అవే కొసలు, అదే మెత్తదనం, కానీ ఇప్పుడు వేలికి ఎదురు నిలుస్తున్నాయి. ఆ క్షణంలో నా చెవిలో ఎవరి గొంతు వినపడిందో ఊహించు. మన దూలం మాస్టారిది!

"ఒక చివర బిగించిన దూలం పొడవు పెరిగితే, అదే బరువుకు దాని వంపు, ఆ పొడవు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది." ఆ పరీక్షలో నీకు పదకొండు, నాకు తొమ్మిది వచ్చాయి, ఆ రెండు మార్కుల తేడాను నువ్వు ఇన్నేళ్లుగా ఎలా వాడుకుంటున్నావో మళ్లీ చెప్పనక్కర్లేదు. ప్రతి వెంట్రుకా పిడిలో జిగురుతో బిగించిన దూలమే కదా! అరవైని యాభైతో భాగించి ఘనం చేస్తే 1.728 వచ్చింది. అంటే అవే వెంట్రుకలను పది మిల్లీమీటర్లు పొట్టిగా అమరిస్తే, బిగువు దాదాపు 1.7 రెట్లు పెరుగుతుంది, కొసల మెత్తదనం ఏ మాత్రం తగ్గదు. నేను పెట్టిన కేకకు, రేజరుతో కోసుకున్నానేమోనని ఇంట్లోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. "దూలం!" అన్నాను. వాళ్లు పైకప్పు వైపు చూశారు.

మెత్తదనం వేరు, బిగువు వేరు. ఈ రెండూ వ్యతిరేకాలని ఇన్నాళ్లూ అనుకున్నాను. చర్మానికి తగిలేది కొస, పని చేసేది నడుము. గిన్నెలో నురుగు తీసేవాళ్లకు గిన్నె గోడలు సాయపడతాయి, బ్రష్షు ఆ నురుగును ముఖానికి మోసుకొస్తే చాలు, కాబట్టి వాళ్లకు పొడవాటి విసనకర్ర కుచ్చు హాయిగానే ఉంటుంది. మనలా ముఖం మీదే నురుగు తీసేవాళ్లకు బ్రష్షు సబ్బును చెదరగొట్టాలి, గాలినీ నీటినీ కలపాలి, గడ్డం వెంట్రుకలను లేపి నిలబెట్టాలి. అందుకు కొంచెం పొట్టిగా, దట్టంగా, మొగ్గలా నడినెత్తిన గుండ్రంగా ఉన్న కుచ్చు కావాలి. మొగ్గ ఆకారమైతే ముక్కు కింద, పెదవి అంచున ఎక్కడ కావాలంటే అక్కడ ఆనుతుంది. విసనకర్ర ఆకారమైతే పైపెదవికి పూయబోయి ముక్కు రంధ్రాల్లో పూస్తుంది, ఆ అనుభవం నీకు చెప్పాలా నురుగేశ్వరా!

ఒక్క నిమిషం పాటు, ఆ పాత బ్రష్షునే కత్తెరతో పది మిల్లీమీటర్లు కోసేద్దామన్న దుర్బుద్ధి పుట్టింది. అదృష్టవశాత్తూ కత్తెర దొరకలేదు. వెంట్రుక సహజంగా సన్నబడుతూ పోయే ఆ కొసే మెత్తదనానికి మూలం, దాన్ని కోస్తే మిగిలేది మొండి మొనలు, అంటే మళ్లీ ఉప్పుకాగితం. పొట్టి చేయాలంటే పైన కోయకూడదు, కుచ్చును పిడిలో మరింత లోతుగా దించాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

కాబట్టి వెతుకులాట మొదలైంది. అమ్మేవాళ్లందరిదీ ఒకటే పాట: "చాలా మెత్తగా ఉంటుంది సార్." ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని పేర్లయితే ఉన్నాయి కానీ, వాటికి అందరూ ఒప్పుకున్న కొలమానం ఏదీ లేదు, ఒకరి సూపరు మరొకరి బెస్టు కావచ్చు. అందుకని పేరు అడగడం మానేసి మూడే ప్రశ్నలు వేశాను: కుచ్చు మొదలు అడ్డంగా ఎంత, ఎత్తు ఎంత, మొగ్గా విసనకర్రా? చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒకాయన మాత్రం "గడ్డానికా, ఇంటి గోడకా?" అని అడిగాడు. చివరికి ఒకరు కొలిచి చెప్పారు: 24 మి.మీ. అడ్డం, 50 మి.మీ. ఎత్తు, మొగ్గ ఆకారం, రెండు పట్టీల వెంట్రుక, అంటే కొస తెలుపు, అక్కడి నుంచి అడుగు దాకా నలుపు. ఈ రెండు పట్టీల రకం సాధారణంగా మూడు పట్టీల దానికంటే కాస్త బిరుసుగా నిలబడుతుంది.

పెట్టె విప్పగానే వాసన కొట్టింది. తడిసిన జంతువు వాసన. వెంటనే నువ్వు పోయిన ఉత్తరంలో నన్ను భయపెట్టడానికి రాసిన ఆంత్రాక్స్ కథ గుర్తొచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, ఆ తరువాత కొన్నేళ్ల పాటు, అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ షేవింగ్ బ్రష్షుల వల్ల జనానికి ఆంత్రాక్స్ సోకిన మాట నిజమే. కానీ నువ్వు కావాలనే దాచిన సగం ఏమిటంటే, అవి అసలు బాడ్జర్ బ్రష్షులు కావు, బాడ్జర్‌లా కనిపించేలా చేసి, సరిగ్గా శుద్ధి చేయకుండా అమ్మిన గుర్రపు వెంట్రుకలవి. అయినా సరే, షాంపూతో మూడుసార్లు కడిగాను. మూడోసారికి వాసన దాదాపు పోయింది, రెండు వెంట్రుకలు రాలాయి, అంతే.

ఇప్పుడు చదువు. గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు ఉంచాను. మరిగే నీళ్లు పోస్తే వెంట్రుకా పాడవుతుంది, పిడిలోని జిగురూ పాడవుతుంది. బయటికి తీసి ఒకసారి మెల్లగా పిండి, రెండు సార్లు విదిలించాను. సబ్బు కడ్డీని తడి గడ్డం మీద ఎదురుగా రుద్ది, బ్రష్షును బుగ్గ మీద ఆనించాను. కొసలు తగిలిన స్పర్శే తెలియలేదు, తగిలిన చోట వెచ్చదనం మాత్రం తెలిసింది. తిప్పడం మొదలుపెట్టగానే కుచ్చు కొద్దిగా విచ్చుకుని అక్కడే ఆగింది, ఒరగలేదు. మొదట పెద్ద పెద్ద బుడగలు వచ్చాయి. కొసలను మాత్రమే నీళ్లలో ముంచి మళ్లీ తిప్పాను. బుడగలు చిన్నవయ్యాయి, మరోసారి ముంచేసరికి కనిపించకుండా పోయాయి. నురుగు బరువెక్కి, వేలితో గీస్తే ఆ గీత అలాగే నిలిచింది. తరువాత గోడకు సున్నం వేసినట్టు పైకీ కిందికీ నాలుగు సార్లు లాగాను, అంతా చదునుగా పరుచుకుంది. కుచ్చు లోపల ఏమీ దాచుకోలేదు, మూడో విడతకు కూడా ఇచ్చింది. మెడ మీద సుడి దగ్గర రేజరు వెళ్లింది కానీ, వెళ్లినట్టు నాకు తెలియలేదు. ఆ రోజు సాయంత్రం దాకా మెడ తడుముకుంటూనే ఉన్నాను.

సంతోషం మొత్తం రాసేశాను కనుక, మనసులో ఉన్న ముల్లు కూడా చెబుతాను. ఫ్రెంచి భాషలో షేవింగ్ బ్రష్షునూ బాడ్జర్‌నూ ఒకే మాటతో, "బ్లెరో" అని పిలుస్తారట. అది తెలిసినప్పటి నుంచి బ్రష్షు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ జంతువు పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉంది. బ్రిటన్‌లో 1992 చట్టంతో వాటికి రక్షణ ఉంది, బ్రష్షులకు వాడే వెంట్రుక మాత్రం ఎక్కువగా చైనా నుంచి వస్తుంది, అక్కడ వాటిని ఎలా పట్టి చంపుతారో చదివిన రోజున నేను బ్రష్షు ముట్టుకోలేదు. నీ సింథటిక్ బ్రష్షును ఆనాడు ఎగతాళి చేశాను. ఇప్పుడు అలా చేయలేను. అది త్వరగా ఆరుతుంది, నానబెట్టే పని లేదు, కొసలు కూడా మెత్తనే, నీళ్లు మాత్రం ఇంతగా పట్టుకోదు. దీన్ని జాగ్రత్తగా వాడుకుని, ఇదే ఆఖరిది చేద్దామని అనుకుంటున్నాను. అనుకోవడం వేరు, ఆగడం వేరు.

నీ గడ్డం ఇనుప తీగలాంటిది, నీకు నా అంకెలు సరిపోకపోవచ్చు. 22 మి.మీ. అడ్డంతో ఇంకా పొట్టిగా, 48 దగ్గర ఉన్నదైతే బాగుంటుందని నా అంచనా, అయితే ముందు నీ దగ్గరున్నది కొలిచి రాయి. వాడాక బాగా కడిగి, విదిలించి, గాలి ఆడేచోట ఆరబెడుతున్నావు కదా? తడిగా డబ్బాలో పెట్టి మూత బిగించే పాత అలవాటు ఇంకా ఉంటే మాత్రం...

ఆఫీసు బండి వచ్చేసింది, హారను కొడుతున్నాడు. కొలిచేటప్పుడు పిడి అంచు నుంచి కొస దాకా మాత్రమే కొలువు. పోయినసారిలా పిడితో సహా కొలిచి "నాది నూట పది" అని గొప్పగా రాయకు.

ఉంటాను,
నీ
తొమ్మిది మార్కులవాడు