హైలురోనాన్‌ను తయారుచేసే ఎంజైమ్‌ల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

హైలురోనిక్ యాసిడ్ మీద ఆరోగ్య పుటల్లో వచ్చే వ్యాసాలు దాదాపుగా చర్మం నిగారింపు దగ్గరో, మోకాలి ఇంజెక్షన్ దగ్గరో ఆగిపోతున్నాయి. హైలురోనాన్ అని కూడా పిలిచే ఈ పదార్థాన్ని మన కణాలే అనునిత్యం తయారుచేసుకుంటున్నాయనీ, అది ఎంత తయారైంది, ఎక్కడ తయారైంది, దాని గొలుసు ఎంత పొడవుంది అన్నవాటిని బట్టే మేలూ కీడూ తేలుతాయనీ పాఠకులకు చెప్పవలసి ఉంది.

1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ పశువుల కంటిలోని జిగురు పదార్థం నుంచి దీనిని వేరుచేశారు. గ్లూకురోనిక్ ఆమ్లం, ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్ అనే రెండు చక్కెరలు ఒకదాని తర్వాత ఒకటిగా వేల సార్లు కలిస్తే ఏర్పడే గొలుసు ఇది. దీని వంటి ఇతర గొలుసులను కణం తన లోపలి గాల్జీ భాగంలో, ఏదో ఒక ప్రోటీన్‌ను ఆధారం చేసుకుని అల్లుతుంది. హైలురోనాన్‌కు మాత్రం ఆ ఆధారం అక్కరలేదు. కణాన్ని చుట్టి ఉన్న పొరలోనే హైలురోనాన్ సింథేజ్ అనే ఎంజైమ్ ఇమిడి ఉండి, లోపలివైపు నుంచి యూడీపీ అనే చిన్న వాహక అణువుతో జతపడిన చక్కెరలను అందుకుని, వాటిని మార్చి మార్చి కలుపుతూ, పెరుగుతున్న గొలుసును తనలోని సన్నని మార్గం గుండా బయటికి నెడుతుంది. రెండు చక్కెరలను గుర్తించడం, కలపడం, పొర దాటించడం, ఇన్ని పనులనూ ఒకే ప్రోటీన్ చేయడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. పదివేల జంటలున్న గొలుసును సాగదీస్తే సుమారు పది మైక్రోమీటర్లు వస్తుంది. చాలా కణాల వెడల్పే అంత.

మనలో ఈ ఎంజైమ్‌లు మూడు: హెచ్‌ఏఎస్1, హెచ్‌ఏఎస్2, హెచ్‌ఏఎస్3. మొదటిదో మూడోదో లేకపోయినా ఎలుకలు బతుకుతాయి. రెండోది లేని ఎలుక పిండాలు మాత్రం గుండె సరిగా రూపుదిద్దుకోక గర్భంలోనే చనిపోతాయని 2000లో వెలువడిన పరిశోధన చూపింది. గుండె కవాటాలకు మూలమయ్యే కణాలు కదిలి వెళ్లడానికి కావలసిన నీటితో నిండిన చోటును కల్పించేది హైలురోనానే.

ఈ తయారీకి కణం చెల్లించే మూల్యం చిన్నది కాదు. అందుకే కణంలో శక్తి తగ్గినప్పుడు ఏఎమ్‌పీకే అనే మరో ఎంజైమ్ హెచ్‌ఏఎస్2 మీద ఫాస్ఫేట్‌ను చేర్చి దాని పనిని తగ్గిస్తుంది. ఈ అదుపు గురించి తెలిసిన పాఠకుడు ‘ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అన్న ప్రచారాన్ని అంత తేలిగ్గా నమ్మడు.

నిజానికి ఎక్కువైతే చేటు జరిగిన సందర్భాలు ఉన్నాయి. రొమ్ము, క్లోమ క్యాన్సర్లలో గడ్డ చుట్టూ హైలురోనాన్ దట్టంగా పేరుకున్నప్పుడు వ్యాధి తీవ్రంగా ఉండడం గమనించారు. అలాగని దానిని కరిగిస్తే సరిపోతుందనుకోవడానికీ వీల్లేదు. క్లోమ క్యాన్సర్ రోగులకు దానిని ముక్కలుచేసే ఎంజైమ్‌ను మందుగా ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష 2019లో విఫలమైంది. మరోవైపు, క్యాన్సర్ అరుదుగా సోకే నేకెడ్ మోల్ ర్యాట్ అనే ఎలుక జాతి జీవి కణాలు అసాధారణంగా పొడవైన హైలురోనాన్‌ను తయారుచేస్తాయనీ, ఆ జీవిని క్యాన్సర్ నుంచి కాపాడుతున్నవాటిలో అదొకటనీ 2013లో పరిశోధకులు తెలిపారు. పొడవైన గొలుసులు సాధారణంగా వాపును అణచుతాయి, అవే చిన్న ముక్కలైతే వాపును రేపగలవు. పేరు ఒకటే అయినా పొడవు మారితే కణానికి అందే సంకేతం మారిపోతుంది.

కాబట్టి ఈ విషయం మీద ఇకముందు ప్రచురించే వ్యాసాల్లో అణుభారం (గొలుసు ఎంత పొడవైతే అది అంత ఎక్కువ) ఎంతో తప్పక పేర్కొనవలసిందిగా రచయితలను కోరండి. చర్మంపై పూసిన పెద్ద అణువులు పైపొరలోనే తేమను పట్టి ఉంచుతాయి తప్ప, లోపలి కణాలు స్వయంగా తయారుచేసుకునే హైలురోనాన్‌కు అవి ప్రత్యామ్నాయం కావన్న సంగతిని కూడా అదే వ్యాసంలో చెప్పించండి.

భవదీయుడు,
జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు