టిప్పర్లు పెంచే ముందు క్యూను లెక్కగట్టండి

సంపాదకులకు నమస్కారం.

అమరావతి నిర్మాణ పనులు 2025 మే 2న పునఃప్రారంభమైనప్పటి నుంచి ఇసుక, కంకర, గ్రావెల్ మోసే టిప్పర్ల రాకపోకలు విజయవాడ చుట్టుపక్కల బాగా పెరిగాయి. పని జరిగే చోటికి సరుకు వేళకు అందకపోతే వెంటనే వినిపించే మాట ఒక్కటే: బండ్లు చాలడం లేదు, ఇంకో నాలుగు పెట్టండి. రవాణా పనుల ప్రణాళిక చూసే ఇంజినీరుగా, ఈ మందు చాలా చోట్ల రోగాన్ని పెంచుతుందని లెక్కతో సహా చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నదిలో ఇసుక తవ్వే ఒక రీచ్‌లో, బండ్లు నింపే పొక్లెయిన్ యంత్రం ఒక్కటే ఉందనుకుందాం. టిప్పర్ నింపడానికి సగటున 5 నిమిషాలు, సరుకు దించి తిరిగి రావడానికి 55 నిమిషాలు పడుతుంది. కాగితం మీద గంటకు 12 ట్రిప్పులు, అంటే 12 బండ్లు పెడితే యంత్రం ఖాళీగా ఉండదు, బండీ ఆగదు. కానీ 5 నిమిషాలనేది సగటు మాత్రమే. తడి ఇసుక బకెట్‌కు అంటుకుంటే, ముందు బండి వెనక్కు తిప్పుకోవడానికి చోటు చాలకపోతే ఒక లోడుకు 12 నిమిషాలు కావచ్చు, మరో లోడు 2 నిమిషాల్లో ముగియవచ్చు. లోడింగ్ సమయం ఇంత అస్థిరంగా ఉంటుందని తీసుకుని, వరుసల్లో నిరీక్షణను లెక్కించే క్యూ సిద్ధాంతంలోని ప్రామాణిక నమూనాతో లెక్క కడితే, 12 బండ్లతో గంటకు వచ్చేవి 12 ట్రిప్పులు కావు, దాదాపు 10. యంత్రం 84 శాతం సమయమే పనిచేస్తుంది, ఒక్కో టిప్పరు ప్రతి ట్రిప్పులోనూ సగటున 11 నిమిషాలు వరుసలో నిలబడుతుంది. ఇంకో 4 బండ్లు చేర్చి 16 చేస్తే ట్రిప్పులు గంటకు 11.5 అవుతాయి, నిరీక్షణ మాత్రం 23 నిమిషాలకు చేరుతుంది. అంటే 4 బండ్ల డీజిలు, డ్రైవర్ల శ్రమ పోసి గంటకు ఒకటిన్నర ట్రిప్పు కూడా సాధించలేదు. పది గంటల పనిదినంలో ఒక్కో బండికి 8.4 ట్రిప్పులు పడేచోట 7.2 మాత్రమే పడతాయి.

ఈ నష్టం ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. పొక్లెయిన్‌కు గంట లెక్కన అద్దె, టిప్పరుకు చాలా చోట్ల ట్రిప్పు లెక్కన కిరాయి. కాబట్టి 16 బండ్లు పెట్టినప్పుడు యంత్రం 96 శాతం సమయం పనిచేస్తోందంటే పని చేయించే వారికి అది శుభవార్తే. వరుసలో ఇంజిన్ ఆపి, బండి నీడలో కూర్చుని, మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే కానిచ్చే డ్రైవరు వెయిటింగ్ ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. వినియోగ శాతం ఒక్కటే చూసి పని బాగా సాగుతోందని తేల్చడం అన్యాయమని నా అభిప్రాయం. పక్కనే బండ్ల నిరీక్షణ సమయం కూడా నమోదైతేనే ఆ శాతానికి అర్థం ఉంటుంది.

కాటా సంగతి మరీ ముఖ్యం. చాలా చోట్ల వేబ్రిడ్జి ఒక్కటే ఉంటుంది. ఖాళీ బండి తూకానికీ, లోడు బండి తూకానికీ అదే దిక్కు. తూకానికి రెండున్నర నిమిషాలు పట్టినా, ఒక్కో ట్రిప్పుకు కాటా 5 నిమిషాలు తింటుంది, అంటే పొక్లెయిన్ తీసుకునేంత సమయం. లోపలికి వెళ్లే బండి, బయటికి వచ్చే బండి ఎదురెదురుగా నిలిచిపోతే పొక్లెయిన్ ఖాళీగా ఉంటుంది, గేటు బయట మాత్రం వరుస పెరుగుతూనే ఉంటుంది. అలాంటి చోట రెండో పొక్లెయిన్ తెచ్చినా ఫలితం ఉండదు. ఖాళీ బరువును ముందే నమోదు చేసుకుని వాడుకునే పద్ధతి అనుమతిస్తే కాటా మీద భారం సగానికి తగ్గుతుంది. ఏది ఎంత మేలు చేస్తుందో డబ్బు ఖర్చు పెట్టకముందే చెప్పగలిగేది సిమ్యులేషన్, అంటే పని మొత్తాన్ని కంప్యూటరులో నమూనాగా నడిపి చూడటం.

ఈ క్యూల లెక్క కొత్త శాస్త్రమేమీ కాదు. టెలిఫోన్ కాల్స్ రద్దీని లెక్కించడానికి డెన్మార్క్ ఇంజినీరు ఎర్లాంగ్ 1909లోనే దీనికి పునాది వేశారు. సిమ్యులేషన్‌లోనైతే కంప్యూటరులో ఒక గడియారం పెట్టి, బండి రావడం, లోడు మొదలవడం, ముగియడం వంటి ఒక్కో సంఘటనకు గడియారాన్ని ముందుకు జరుపుతూ రోజంతా నడిపిస్తారు. పైథాన్ భాషలో సిమ్‌పై అనే ఉచిత లైబ్రరీ ఇందుకు చాలు. అయితే సగటులు వేస్తే సరిపోదు. స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచిన అసలు సమయాలు, వాటి హెచ్చుతగ్గులతో సహా వేయాలి. ఉదయం బండ్లన్నీ ఒకేసారి వచ్చి చేరడం, నగరంలో భారీ వాహనాల మీద ఆంక్షల వేళ ముగియగానే గుంపుగా కదలడం, హైడ్రాలిక్ గొట్టం పగిలి యంత్రం ఆగడం, ఇవన్నీ అందులో ఉండాలి. ఒక్కసారి నడిపి తీర్పు చెప్పకుండా వందల సార్లు నడిపి చూడాలి. ముందుగా ఇప్పుడున్న ఏర్పాటునే నడిపి, వచ్చిన వరుస గేటు దగ్గర కనిపించే వరుసతో సరిపోలుతుందో లేదో చూసుకోవాలి. పోలకపోతే ఆ నమూనాను నమ్మకూడదు.

కంప్యూటరు లేని వారికీ ఒక దారి ఉంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం వరుసలో సగటున ఉండే బండ్ల సంఖ్యను గంటకు బయటపడే బండ్ల సంఖ్యతో భాగిస్తే నిరీక్షణ వస్తుంది. గేటు దగ్గర మామూలుగా 6 బండ్లు నిలబడి, గంటకు 10 వెళ్తుంటే ఒక్కో బండి 36 నిమిషాలు ఆగుతున్నట్టే. సీజనులో గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర, టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే హమాలీ ముఠాల దగ్గర కూడా ఈ లెక్క ఇలాగే పనికొస్తుంది.

లోడింగ్ పాయింట్లకు అనుమతులిచ్చే అధికారులకు నా విన్నపం రెండు మాటలే. కొత్త పాయింటు తెరిచే ముందు, లేదా బండ్ల సంఖ్య పెంచే ముందు, కొలిచిన సమయాలతో చేసిన సిమ్యులేషన్ నివేదికను కాంట్రాక్టరు నుంచి అడగండి. విజయవాడ, గుంటూరు ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులకు ఇది చక్కని ప్రాజెక్టు పని అవుతుంది. ఒప్పంద పత్రంలో నిర్ణీత సమయం దాటిన వెయిటింగుకు టిప్పరు యజమానికీ, డ్రైవరుకూ చెల్లింపు ఉండేలా ఒక నిబంధన చేర్చండి.

ఇట్లు,
రవాణా రంగంలో పనిచేసే ఒక ఇంజినీరు,
విజయవాడ