పోర్తో కోవోలో దారి చెప్పిన పెద్దాయనకు దండాలు

పోర్చుగల్ తీరంలో మత్స్యకారుల బాట అనే కాలినడక దారి ఎక్కబోతుంటే ఆపి జాగ్రత్తలు చెప్పిన పెద్దాయనా, మీ పేరైనా అడగలేదు. పోర్తో కోవో నుంచి మిల్‌ఫోంతెష్ ఊరికి 20 కిలోమీటర్లేగా అనిపిస్తుంది. తీరా దిగితే చాలావరకు మెత్తటి ఇసుకే, అడుగడుగునా మడమ దిగబడుతుంది. గాలాడే సన్న చిల్లుల బూట్లలో దూరిన ఇసుక చెమటతో కలిసి వేళ్ల సందుల్లో ఉప్పుకాగితంలా గీకుతుంది, బొబ్బలొచ్చేది అందుకే. గంటకోసారి బూట్లు దులిపి, మేజోళ్లు తిరగేసి విదిలించమన్నారు మీరు. ఆటు సమయంలో గట్టిపడ్డ తడి ఇసుక మీద నడవమన్నారు. దారి గుర్తుగా వేసిన ఆకుపచ్చ, నీలం గీతలు పక్కపక్కన ఉంటే దారి సరైనదే, ఒకదాన్నొకటి ఖండిస్తే వెనక్కి తిరగాలి. కొండ అంచుకు మాత్రం పోవద్దు, కింద అలలు తొలిచేసి ఉంటాయి. ఒడ్డున చెత్త ఏరేవాళ్లకు మీరన్న ఇంకో మాట: ఇసుకలో పూడిన చేపల వలను లాగితే నడుం పట్టేస్తుంది, కత్తితో కోసి ముక్కలుగా తియ్యాలి. ఒబ్రిగాదో (మీ భాషలో ధన్యవాదాలు), తాతా!