ఫిల్ము రోలుకు గడువు తేదీ చూపించి అమ్మాలి

సంపాదకులకు నమస్కారం.

ఫిల్ము కెమెరాలు మళ్ళీ యువతీయువకుల చేతుల్లో కనిపిస్తున్నందుకు, అందులోనూ బ్లాక్ అండ్ వైట్ మీద మక్కువ పెరుగుతున్నందుకు, స్టూడియో వృత్తిలో బతికినవాడిగా నాకు ఎంతో సంతోషంగా ఉంది. అయితే ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వస్తున్న బ్లాక్ అండ్ వైట్ రోళ్ళలో ఏది ఎప్పటి సరుకో, అసలు ఏ రకం ఫిల్మో కొనేవారికి తెలియడం లేదు. ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల, అధికారుల దృష్టికి తేదలచాను.

ఒకప్పుడు ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో దేశీయంగా ఫిల్ము అందించేది. ఆ ప్రభుత్వ సంస్థ మూతపడ్డాక మనం విదేశీ సరుకు మీదే ఆధారపడవలసి వచ్చింది. దిగుమతి ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి ధర పెరుగుతుంది గనుక విద్యార్థులు చవక రోలు కోసం వెతకడం సహజమే. చవకైనదల్లా చెడ్డదని నేను అనను. చెక్ దేశంలో 1921లో మొదలైన ఫోమా కంపెనీ వారి ఫోమాపాన్, ఇంగ్లండ్‌లో ఇల్ఫర్డ్ ఫిల్ములు తయారుచేసే హార్మన్ సంస్థ వారి కెంట్‌మియర్ తక్కువ ధరలో దొరికే మంచి ఫిల్ములు. 30.5 మీటర్ల బల్క్ రోలు కొని చీకట్లో కత్తిరించి చుట్టుకుంటే 36 ఫోటోల రోళ్ళు సుమారు 18 వస్తాయి; అది నికార్సయిన పొదుపు.

అట్టపెట్టె లేకుండా, తయారీదారు పేరు లేకుండా ‘బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము’ అని మాత్రమే రాసి అమ్మే రోళ్ళతోనే చిక్కంతా. పాతబడిన కొద్దీ ఫిల్ము స్పీడు, అంటే వెలుతురుకు స్పందించే శక్తి, తగ్గుతుంది, నెగటివ్ అంతటా బూడిదరంగు ఫాగ్ కమ్ముతుంది, నలుపు తెలుపుల మధ్య తేడా పలచబడుతుంది. రంగుల ఫిల్ము కంటే బ్లాక్ అండ్ వైట్ ఎక్కువకాలం నిలుస్తుందన్న మాట నిజమే గాని, 100 స్పీడు ఫిల్ము తట్టుకున్నంతగా 3200 స్పీడు ఫిల్ము తట్టుకోలేదు. పైగా ఫ్రిజ్‌లో దాచిన రోలూ, మే నెలలో విజయవాడ గోదాములో రేకుల కప్పు కింద పడి ఉన్న రోలూ ఒకే తేదీవైనా ఒకటి కావు. గడువు తీరిందని చెప్పి, ఎలా నిల్వ ఉంచారో కూడా చెప్పి, దానికి తగ్గ ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కొందరు సినిమా ప్రింట్ల కోసం తయారైన పాజిటివ్ ఫిల్మును కత్తిరించి కెమెరా ఫిల్ముగా అమ్ముతున్నారు. దాని స్పీడు చాలా తక్కువ. అది నీలి కాంతికే ఎక్కువగా స్పందిస్తుంది గనుక ఎర్రచీర నల్లగా, ఆకాశం తెల్లగా వస్తాయి. తెలిసి వాడుకునేవారికి అదొక ప్రయోగం. వంద స్పీడనుకుని చెల్లెలి పెళ్ళికి తీసుకువెళ్ళిన కుర్రవాడికి మాత్రం అది తీరని నష్టం.

అంతకంటే బాధాకరమైనది ఫిల్ము కడిగే దగ్గర జరుగుతుంది. ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ వంటి ఫిల్ములు బ్లాక్ అండ్ వైట్ అయినా సీ-41 అనే రంగుల రసాయనాల్లో కడగడానికి తయారైనవి. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మును అదే రసాయనాల్లో వేస్తే, బొమ్మను మోస్తున్న వెండి అంతా కరిగిపోయి ఖాళీ ఫిల్ము మిగులుతుంది. ఏ పద్ధతిలో కడగాలో ప్రకటనలో రాయకపోతే కొత్తగా నేర్చుకుంటున్నవారు దగ్గర్లోని కలర్ ల్యాబులో ఇచ్చేస్తారు. ఆ తర్వాత ల్యాబు వారిని నిందించి ప్రయోజనం లేదు.

కేంద్రం 2020లో తెచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, గడువు వర్తించే వస్తువులకు ఆ తేదీని, కొనేముందు తెలియవలసిన వివరాలను, ఏ దేశపు సరుకో అన్న సంగతిని అమ్మకందారు తెలియజేయాలి. కంపెనీలే పెట్టె మీద గడువు ముద్రిస్తున్నప్పుడు ఫిల్ముకు అది వర్తిస్తుందా అన్న సందేహానికి తావు లేదు. అయినా నేను చూసిన ప్రకటనలు చాలావాటిలో ఆ తేదీ లేదు. మోసపోయినవారు ఆ ప్రకటనను ఫోటో తీసి దాచుకుని, ముందు ఆ ఆన్‌లైన్ అమ్మకాల వేదిక ఫిర్యాదుల అధికారికి రాయాలి. వారు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయవచ్చు.

వినియోగదారుల వ్యవహారాల శాఖ ఫిల్ము ప్రకటనల్లో గడువు తేదీ, తయారీదారు పేరు, అసలు స్పీడు, కడిగే పద్ధతి తప్పక ఉండాలని, బల్క్ నుంచి కత్తిరించిన రోలైతే ఆ సంగతీ రాయాలని స్పష్టమైన ఆదేశం ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఫోటోగ్రాఫర్, రాజమహేంద్రవరం